గంగాధరప్ప ఇంట్లో లేడు

ఓబులేసు విడపనకల్లులో బస్సు దిగాడు. పంచె మడతలో కూరగాయలు కోసే కత్తి ఉంది. కొడవలి కోసం ఇల్లంతా వెతికాడు గానీ, కూతురు ప్రశాంతి ఎక్కడో దాచేసింది.

ఈరోజుతో గంగాధరప్ప పని అయిపోవాలి. తమ్ముడు కేశవను వేరుశనగ చేలో నరికించింది వాడే. తన ఒళ్లోనే ప్రాణం వదిలిన తమ్ముడి నెత్తురు వెచ్చదనం ఓబులేసుకు ఇంకా తెలుస్తూనే ఉంది. మిగతావే జారిపోతున్నాయి. పొద్దున తిన్నాడో లేదో, మనవరాలి పేరేమిటో.

"మెదడులో సన్న రక్తనాళాలు పూడుకుపోతున్నాయి. బీపీకి ఏళ్ల తరబడి మందు వాడలేదు కదా," అన్నాడు అనంతపురం డాక్టరు. "ఇకనైనా మాత్ర మానొద్దు. పోయింది తిరిగి రాదు గానీ, ఉన్నది నిలబడొచ్చు."

ఉన్నది చాలనుకున్నాడు ఓబులేసు. పగ ఉంది.

గంగాధరప్ప ఇంటికి దారి ఎవరినీ అడగలేదు. కాళ్లే తీసుకెళ్లాయి. గడపలో గంగాధరప్ప భార్య సుబ్బలక్ష్మమ్మ శనక్కాయలు ఒలుస్తోంది. తలెత్తి చూసింది. బెదరలేదు.

"యాడ నీ మొగుడు?"

"ఇంట్లో లేడప్పా."

"యాడికి పోయినాడు?"

"రేపు రా. దొరుకుతాడు."

ఓబులేసు పళ్లు కొరికాడు. దొంగ, తప్పించుకు తిరుగుతున్నాడు. వాడు బతికి ఉన్నంత కాలం తన కంటికి కునుకు రాదు. అరుగు మీద కూర్చున్నాడు. ఆమె చెంబుతో నీళ్లిచ్చి, లోపలికి వెళ్లి ఎవరికో ఫోన్ చేసింది.

కాసేపటికి ప్రశాంతి ఆటోలో వచ్చింది. తండ్రి పంచెలోంచి కత్తి తీసేసుకుంది. మాత్ర మింగించి ఆటో ఎక్కించింది.

"రేపొస్తా. వాణ్ణి ఈడే ఉండమను," అని కేకేశాడు ఓబులేసు.

"చెప్తాలే," అంది సుబ్బలక్ష్మమ్మ.

ప్రశాంతి వెనక్కి వెళ్లి ఆమె ముందు చేతులు జోడించింది.

"పెద్దమ్మా, ఒక్క మాట చెప్పు. నేను ఎంత చెప్పినా నాయన నమ్మడు. నీ నోటితో చెప్తే నమ్ముతాడు."

ఆటో చప్పుడులో ఓబులేసుకు వాళ్ల మాటలు వినపడలేదు. రేపు కొడవలి యాడ దొరుకుతుందా అని ఆలోచిస్తున్నాడు.

సుబ్బలక్ష్మమ్మ ఒళ్లోని పొట్టు దులుపుకుని లేచింది.

"'నా మొగుణ్ణి ఎప్పుడో నువ్వే నరికేసినావు' అని చెప్తే మీ నాయన నిమ్మళంగా నిద్రపోతాడు పాపా, ఆ నిద్ర నేను పోనియ్యను."