మస్తానమ్మ ముక్కు

కిటికీ కిటికీకీ కరెంటు తెరలు వేలాడే రోజులవి. ఎండ తగిలితే చాలు, ప్లాస్టిక్ తెరే ఫ్యాను తిప్పేది. ఆ తెరకి పూసే సిరాలో, పప్పులో పోపులాగా, చివర మూడు చుక్కల మందు పడాలి. పడితే కరెంటు రెట్టింపు. కానీ మందు ఆరి, వాసన పోయాకే తెర బయటికి పోవాలి. వాసనతో పోతే పసివాళ్ల ఊపిరి పోతుంది.

ఆ వాసన పట్టడానికి తెరలు చేసే షెడ్డులో మిషను లేదు, మస్తానమ్మ ఉంది. మిషనుకైతే ఖర్చు, ముక్కుకైతే కూలి. ఇరవయ్యేళ్లుగా ప్రతి తెరనీ ముక్కుకి ఆనించి "పోయింది, పంపండి" అనేది. ముక్కుసూటి మనిషి. ఆ ముక్కుంటేనే నోట్లోకి ముద్ద.

ఆ మధ్యాహ్నం అన్నానికని ఇంటికొచ్చి పొయ్యి పక్కనే కూర్చుంది. కోడలు సువార్త పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"అత్తా! పప్పు మాడి బొగ్గయింది. ఊళ్లో వాసనలన్నీ పట్టేదానివి, ఇంట్లోది పట్టలేదా?"

మస్తానమ్మ గిన్నెని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. ఇంగువ డబ్బా మూత తీసింది. ఏమీ లేదు. తలెత్తి కిటికీ వైపు చూసింది. కిటికీకున్న తెర, పోయిన వారం వీధంతటికీ కట్టిన కొత్త తెరల్లో ఒకటి. అన్నీ తను పంపినవే. దాని కిందే ఉయ్యాల. ఉయ్యాల్లో మనవరాలు దగ్గుతోంది.

"సువార్తా, ఆ తెర వాసన చూడవే."

"చూసేదేముందత్తా? కట్టిన రోజు నుంచీ ఘాటుగా కొడుతూనే ఉంది. నువ్వు చూసిందే కదా అని ఊరుకున్నా."

మస్తానమ్మ తెరని పీకి పెరట్లోకి విసిరేసింది. ఫ్యాను ఆగిపోయింది. ఆ చప్పుడు ఆగాక పాప దగ్గు మరీ పెద్దగా వినిపించింది. ఆ వెనకే పక్కింటి బిడ్డ దగ్గు, ఆ పక్కింట్లోనూ.