గుమ్మం ముందు మనిషి

ముసలాయన డొక్కలో మోచెయ్యి దిగింది.

"అడ్డం లేవండి అంకుల్!" అని కసిరి, మోచేతి తాలూకు పెద్దమనిషి వెనక్కి చూడకుండా గుమ్మం దాటిపోయాడు.

ముసలాయన కదల్లేదు.

సింగపూర్‌లో, జురాంగ్ వెస్ట్‌లో తెలుగువాళ్ళ హాలు అది. ఆదివారం భజన అయ్యేసరికి నాలుగు వందల మంది ఒక్కసారి లేస్తారు. భోజనాలు కింద. ముందు దిగినవాడు టిష్యూ ప్యాకెట్ విసిరి ఇంటిల్లిపాదికీ టేబుల్ పట్టేసుకుంటాడు, ఇక్కడి మాటలో 'చోప్' చేసేసుకుంటాడు. అంతసేపు చేసిన భజన ఆ నిమిషంలో ఏమైపోతుందో దేవుడికే తెలియాలి.

బయటికి ఉన్నది ఒకటే గుమ్మం. దానికి రెండడుగుల ఇవతల, సరిగ్గా మధ్యలో, ఆ బక్కమనిషి నిలబడతాడు. ఒకరు తోస్తారు. ఒకరు తిడతారు. ఒకావిడ హ్యాండ్‌బ్యాగుతో మొహం మీద కొట్టింది కూడా.

బాల్కనీలోంచి కీర్తిక ఇదంతా వీడియో తీస్తోంది.

ఆమెది అప్లయిడ్ మ్యాథమెటిక్స్, డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఇరుకు దారిలోంచి జనం ఎలా బయటపడతారో సమీకరణాల్లో చెప్పాలి. అదీ ప్రాజెక్టు.

ఆమె లెక్క ప్రకారం గుమ్మం దగ్గర జనం మూడుసార్లయినా ఇరుక్కోవాలి. హాలు ఖాళీ అవడానికి ఎనిమిది నిమిషాలు పట్టాలి.

పడుతున్నది ఐదే. ఏ ఆదివారమూ ఎవరూ ఇరుక్కోలేదు.

"లెక్కకీ వీడియోకీ పొంతన లేదు. ఎందుకో బుధవారం లోపు తేల్చు," అన్నారు ప్రొఫెసర్.

ఒక ఏడాది అప్పటికే పోయింది. ఈసారీ తప్పితే యూనివర్సిటీలోంచి పంపించేస్తారు.

కీర్తిక రాత్రింబవళ్ళు ఆలోచించి, దోషం తన లెక్కలో లేదని తేల్చుకుంది. దోషం ముసలాయనది. ఆ సమీకరణాల్లో లేని మనిషి హాల్లో ఎందుకుండాలి?

మళ్ళీ ఆదివారం వచ్చింది; గడువు ఇంకా మూడు రోజులుంది. ఆమె కిందికి దిగి ఆయన దగ్గరికే వెళ్ళింది.

"అంకుల్, ఈ ఒక్కరోజు పక్కన నిలబడండి, ప్లీజ్. నా డిగ్రీ పోతుంది."

"కుదరదు తల్లీ."

"ఎందుకు కుదరదు?"

"చెబితే నవ్వుతారు. నువ్వెళ్ళి వీడియో తీసుకో."

"అందరూ కొడుతున్నారు కదా. నొప్పెట్టదా?"

"పెడతాది," అని నవ్వాడాయన.

ఆ నవ్వుకి కీర్తికకి ఒళ్ళు మండిపోయింది. పెదనాన్న కొడుకు విజయ్ అక్కడ వాలంటీర్. వాడి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"అన్నా, ఈయన్ని ఇక్కణ్ణుంచి తీసెయ్."

"మాట వినడు లా, ఈ అంకుల్," అన్నాడు విజయ్ సింగపూర్ యాసలో.

"వినకపోతే లాగెయ్. ఐదు నిమిషాలు చాలు."

విజయ్ కాలర్ పట్టుకున్నాడు. ముసలాయన కాళ్ళు నేలకి తన్నిపెట్టాడు. చొక్కా చిరిగింది. విజయ్ లాగి చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు కారింది. ఇంకో వాలంటీరు చేతులు వెనక్కి విరిచాడు. ఇద్దరూ కలిసి ఈడ్చుకెళ్ళి, మొహం గోడకానించి, వీపులో మోకాలు పెట్టి నొక్కారు.

"తప్పు చేస్తన్నారు బాబూ! వదలండి!"

వదిలెయ్యమందామనుకుంది కీర్తిక. అంతలో హారతి గంట మోగింది. ఆమె మెట్లెక్కి కెమెరా ఆన్ చేసింది.

జనం లేచారు.

మూడో నిమిషంలో గుమ్మం బిగుసుకుపోయింది. ముందున్నవాళ్ళు భుజాలు ఒరుసుకుని విల్లులా వంగి నిలిచిపోయారు. సరిగ్గా ఆమె నోట్‌బుక్కులో గీసుకున్న బొమ్మే.

కీర్తిక సంతోషపడింది. ఆ సంగతి తర్వాత ఎవరితోనూ చెప్పుకోలేకపోయింది.

వెనకవాళ్ళు ఇంకా తోశారు. తలుపు అద్దం భళ్ళున పగిలింది. ఎవరిదో ఎముక విరిగిన చప్పుడు బాల్కనీ దాకా వినిపించింది. ఒకావిడ పడిపోయింది. ఆవిడ మీద మరొకావిడ. ఒకతను పిడికిళ్ళతో ముందువాళ్ళ వీపులు గుద్దుతూ, పడ్డవాళ్ళ మీద కాలు పెట్టి ఎక్కాడు.

"ఆగండి! తొయ్యకండి!" కీర్తిక గొంతు చించుకుంది. ఎవరూ వినలేదు.

ముసలాయన విజయ్ మణికట్టు కసుక్కున కొరికాడు. పట్టు వదిలింది. ఆయన జనంలోకి దూకాడు. మొహం మీద దెబ్బలు, మెడ మీద దెబ్బలు. ఎలా వెళ్ళాడో, తన చోటికి చేరి, గుమ్మానికి వీపు పెట్టి, చేతులు గుండెకి కట్టుకుని నిలబడ్డాడు.

జనం ఆయనకి కొట్టుకుని రెండు పాయలుగా చీలారు. గుమ్మం దగ్గర ఒత్తిడి సడలింది. పడ్డవాళ్ళని ఎవరో పైకి లాగారు.

నలభై సెకన్లు నిలబడ్డాడు. తర్వాత ఒరిగిపోయాడు. మిగిలినవాళ్ళు ఆయన మీదుగానే బయటపడ్డారు.

పదకొండు మందికి ఎముకలు విరిగాయి. చనిపోయింది ఆయనొక్కడే.

విజయ్ మెట్ల మీద కూలబడి, పంటిగాట్లు చూసుకుంటూ ఏడ్చాడు.

మర్నాడు కీర్తిక తన మోడల్లో గుమ్మానికి రెండడుగుల ఇవతల ఒక చుక్క పెట్టి మళ్ళీ లెక్క కట్టింది. ఐదు నిమిషాలు. ఎవరూ ఇరుక్కోలేదు. కళ్ళకి అంకెలు కనబడటం మానేశాయి.

హాలు సెక్రటరీ సత్యవాణి ఆంటీకి ఫోన్ చేసింది.

"ఆయన ఎవరాంటీ?"

"సాంబమూర్తి గారమ్మా. ఈ హాలు కట్టిన మేస్త్రి."

"అక్కడే ఎందుకు నిలబడేవారు?"



"అక్కడ ఆయన కట్టిన స్తంభం ఉండేదమ్మా. అడ్డంగా ఉందని రెండేళ్ళ కిందట మేమే కొట్టించేశాం, ఆ మరుసటి ఆదివారం నుంచి ఆయనే వచ్చి నిలబడేవారు."