ఇరవై నాలుగో కుందేలు

తైవాన్‌లో మా తైనాన్ ఊళ్ళో చెత్తబండి ఎవరి కోసమూ ఆగదు. పాట వేసుకుంటూ సందు చివరికి వస్తుంది, మూడు నిమిషాలు నిలబడుతుంది, పోతుంది. సంచులు పట్టుకుని మనమే పరిగెత్తాలి.

అది కూడా సరిగ్గా సాయంత్రం ఐదూ నలభైకి.

ఆ వేళకి మా ఆవిడ పి-యున్ యోగా క్లాసులో శవాసనం వేసి ఉంటుంది. ఆవిడ కదలకుండా పడుకుంటుంది, నేను రెండు బకెట్లతో పరిగెడతాను. ఆరోగ్యం మాత్రం ఆవిడకే వస్తోంది.

ఒక బకెట్టు పచ్చి ఆకులకీ తొక్కలకీ. అది ఎరువుకి పోతుంది. రెండోది వండినవాటి ఎంగిలికి. అది పందులకి పోతుంది.

మార్చిలో డాక్టరు మా ఇద్దరి రక్తంలోనూ కొవ్వు ఎక్కువుందన్నాడు. పి-యున్ ఆ రోజే మాంసం మానేసి, యోగా నేర్పే జ్వాంగ్ టీచర్ దగ్గర చేరిపోయింది.

"మాంసం తిని వంగితే నడుము వంగదు. నువ్వూ మానెయ్ ముసలాయనా."

"మానేశాగా!"

"ఇంట్లో ఎముక కనబడిందా, నువ్వూ క్లాసుకి రావాల్సిందే."

ఆ క్లాసులో ఇరవై ముగ్గురు ఆడవాళ్ళు. ఒక్క మగాడు లేడు. ఈ బొజ్జ వేసుకుని వాళ్ళ మధ్య వంగడం నా వల్ల కాదు.

అయినా నేను శాకాహారినే. మధ్యాహ్నం పన్నెండు దాకా. మా ఊళ్ళో ఇలాంటివాళ్ళం చాలామందిమి ఉన్నాం, మర్యాదస్తులం. పన్నెండు తర్వాత సంగతి ఎవరూ అడగరు.

చెత్తబండి దగ్గరి అవ్వ తప్ప.

గడ్డిటోపీ, ప్లాస్టిక్ చెప్పులు, వెదురుబుట్ట. ఎనభై దాటిన మనిషి గొంతుక్కూర్చుని బుట్ట సర్దుకుంటుంది, చెయ్యి ఆనించకుండా లేస్తుంది. నాకు యాభై తొమ్మిది. సోఫాలోంచి లేవాలంటే ముందు నిర్ణయం తీసుకోవాలి.

"ఆగు బాబూ! ముల్లంగి ఆకులు పారేస్తావా? ఇటివ్వు. పుట్టగొడుగు కాడలేవి?"

"పారేశాను."

"అయ్యో, రుచంతా అందులోనే ఉంది. రేపట్నుంచి కడిగి, విడిగా కవర్లో తీసుకురా."

తెచ్చాను. సందంతా తెచ్చింది.

"కుందేళ్ళని పెంచుతున్నావా అవ్వా?"

"ఆ, ఇరవై మూడు. బాగా వంగుతాయి."

పెద్దదైపోయింది, మతి తప్పిందనుకున్నాను.

ఒకరోజు ఆవిడ నా రెండో బకెట్లోకి తొంగిచూసింది.

"ఆకులు తినే ఇంట్లో కోడికాలి ఎముకలా?"

"మా కుక్క తింది."

"మీకు కుక్క లేదు బాబూ."

నేను బండి వైపు చూశాను. అది కదలడం లేదు.

"పొద్దున లేవగానే కడుపు ఉబ్బరంగా ఉంటుంది కదూ?" అంది అవ్వ.

ఉంటుంది. "ఉండదు" అన్నాను.

మర్నాడు నేనే మాట మార్చాను. "కుందేళ్ళు ఎలా ఉన్నాయి?"

"ఇరవై నాలుగయ్యాయి. కొత్తది కాస్త మొండిది."

క్లాసు అయ్యాక టీచర్ అందరికీ తలో డబ్బా భోజనం ఇచ్చేది. ఆ వారం నుంచి పి-యున్ రెండు తేవడం మొదలుపెట్టింది.

"ఇది నీకట."

"నాకెందుకు?"

"ఏమో, టీచర్ ఇచ్చింది."

ముల్లంగి ఆకు వేపుడు, గుమ్మడికాయ ముక్కలు, పీచుపీచుగా కరకరలాడే ఏదో కూర. నా డబ్బాలో అల్లం మాత్రం రెట్టింపు. కడిగినట్టు తినేశాను. డబ్బా వచ్చిన రోజు కోడికాలు గుర్తుకు రాలేదు. రాని రోజు వచ్చేది.

మూడు నెలలకి ఇద్దరికీ కొవ్వు దిగింది. డాక్టరు నన్ను ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. నేను వినయంగా ఒప్పుకున్నాను.

ఇంతలో పి-యున్ బాంబు పేల్చింది.

"వచ్చే వారం క్లాసుకి సెలవు. చెత్తకి నేను వెళ్తాలే."

అవ్వా, పి-యునూ ఎదురెదురుగా! ఎముకల సంగతి బయటపడదూ! పేరు చెప్పకుండా వార్డు పెద్దకి ఫోన్ చేశాను.

"బండి దగ్గర ఒకావిడ చెత్త కెలుకుతోందండీ. కంపు. జబ్బులొస్తాయేమో."

"నేను మాట్లాడతాను లెండి" అన్నాడాయన, మంచి మనిషి.

అవ్వ రావడం మానేసింది. సెలవు వారం హాయిగా గడిచింది. పి-యున్ చెత్తకి వెళ్ళింది, వచ్చింది. ఏ గొడవా లేదు.

క్లాసు మళ్ళీ మొదలైన రోజు పి-యున్ ఖాళీ చేతులతో వచ్చింది.

"డబ్బాలేవి?"

"ఇక ఉండవు. వండేది టీచర్ వాళ్ళమ్మట. ఎనభై ఒక్కేళ్ళు. టీచర్‌కి యోగా నేర్పిందీ ఆవిడేనట."

"మరి మానెయ్యడం ఎందుకు?"

"జనం పారేసే ఆకులూ కాడలూ అడిగి తెచ్చుకుని మాకు వండేదట. నువ్వు లొట్టలేసుకుని తిన్న పీచు కూర ఉంది చూడు, అది పుట్టగొడుగు కాడలట! ఏదో సందులో ఎవడో కంపు కొడుతోందని ఫోన్ చేశాడట. ఎవడో దరిద్రుడు."

"ఎవరో... చెప్పిందా?"

"టీచర్ ఎంత అడిగినా వాళ్ళమ్మ చెప్పలేదట. ఇరవై నాలుగో కుందేలుకి మాత్రం అల్లం మానొద్దందట. కుందేలేమిటో, అల్లమేమిటో! టీచర్‌కీ తెలీదు."

నాకు తెలుసు.

అవ్వ మళ్ళీ రావాలంటే నేను ఫోన్ సంగతి చెప్పాలి. ఫోన్ చెబితే ఎముకలూ చెప్పాలి. ఎముకలు చెబితే క్లాసులో వంగాలి. సరే, వంగుతాను. టీచర్ ఇల్లు కనుక్కున్నాను, ముల్లంగి ఆకులు కడిగి కవర్లో పెట్టుకున్నాను, నిన్నటి నుంచి రెండుసార్లు ఆ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాను.

అయ్యా, అమ్మా, మీలో ఎవరైనా చెప్పండి: ఎముకలు చూసి కూడా నోరు విప్పక, నాకోసం వేరే డబ్బా కట్టి పంపిన ఆ మనిషి తలుపు తీయగానే, మొదటి మాట ఏమనాలి?