ఖాళీ తీసెయ్యమంటారా?

బళ్లన్నీ తెరల్లోకి మారిపోయాక ప్రతి టీచరూ ఇంట్లోంచే తన కోర్సు తానే కట్టుకోవాల్సి వచ్చింది. లెక్కలు చెప్పే దమయంతి టీచర్ వంటింటి గోడకు నల్లరంగు వేసుకుని పాఠాలు రికార్డు చెయ్యడం నేర్చుకుంది. పేజీలు పేర్చి, వీడియోలు కత్తిరించే పని కంప్యూటర్లోని మాట్లాడే యంత్రానిది.

మొదటి పాఠంలో "అర్థమైందా?" అని అడిగి, అలవాటు కొద్దీ ఆగింది. ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంట్లో ఏమీ వినిపించలేదు.

"మేడం, ఇక్కడ మాటల్లేవు. ఖాళీ తీసెయ్యమంటారా?" అంది యంత్రం.

"వద్దు. పిల్లలు ఆలోచించుకోవద్దూ?"

"పిల్లలు ఇక్కడ లేరు మేడం."

"తెలుసులే నాయనా," అని విసుక్కుంది. ఆ రోజు ఆమె ఇంకెవరితోనూ మాట్లాడలేదు.

కోర్సు చూసినవాళ్లంతా ఆ ఖాళీని దాటేసి ముందుకు పోతున్నారని యంత్రం రోజూ చెప్పేది. తియ్యొద్దని ఆమె రోజూ అనేది.

ఒక మధ్యాహ్నం అది కొత్త సంగతి చెప్పింది. "మేడం, ఒక పాప పాఠం చూస్తూ మైకు ఆన్ చేసుకుని ఆ ఖాళీలో మాట్లాడుతోంది. మళ్లీ మళ్లీ అక్కడికే వస్తోంది. వినిపించనా?"

సన్నటి గొంతు వినిపించింది. "లేదు టీచర్... నాకు ఆ భాగహారం దగ్గర..."

మాట పూర్తికాకముందే పాఠంలో రికార్డైన దమయంతి గొంతే దాని మీద పడింది: "సరే, అందరికీ అర్థమైందిగా! తర్వాతి లెక్క చూద్దాం."

దమయంతి సుద్దముక్క పక్కన పెట్టి, గోడకెదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఖాళీ ఇంకా పెంచు నాయనా," అంది. "ఆ పిల్లని పూర్తిగా చెప్పనీ."