సీసాడు యాసిడ్

"పాసైంది మామా! మన నెమలి అత్తరుదాను పాసైంది!"

ఫోను చెవి దగ్గర నుంచి తీయకముందే హర్షిణి అరిచేసింది. కరీంనగర్‌లో వెండి తీగపని చేసే ఇళ్లు ఇన్ని ఉండగా, హైదరాబాదు కంపెనీ తాము నమూనాగా పంపిన అత్తరు బుడ్డినే మెచ్చుకుంది. వాళ్ల షరతు ఒక్కటే. వెండిని ఘాటైన యాసిడ్‌తో కడగకూడదు. పెళ్లై రెండు నెలలైనా నిండని ఈ కొత్త కోడలు, డిగ్రీలో చదివిన కెమిస్ట్రీని నమ్ముకుని, ఇరవై రోజుల కింద కార్ఖానాలోని తొట్టి ఖాళీ చేయించి గోరువెచ్చని నిమ్మ ఉప్పు నీళ్లు నింపింది.

"రేపు పొద్దుగాల పదింటికి వాళ్ల మనిషి వస్తుండట మామా. పని కండ్లార చూసి సంతకాలు తీసుకుంటడట!"

సదానందం నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"బిడ్డా, ఒక్క ముచ్చట చెప్త. కోపం జెయ్యకు."

"చెప్పుండ్రి."

"గా నిమ్మ ఉప్పుతోని మెరుపు రాదని నాకు జర అనుమానం. అందుకే ఆ అత్తరుదాను కడిగిన నాడు, మీరు చూడకుంట తొట్టిల మూతెడు యాసిడ్ పోసిన. పోయంగనే అద్దం లెక్క మెరిసింది."

హర్షిణి గబుక్కున దగ్గరికి వచ్చింది. "ఆ ఒక్కనాడేనా?"

"ఇయ్యాల గూడ. పెండ్లోళ్ల పెద్ద పళ్లెం ఉండె గద. పొద్దుగాల పోయి సీసంత పోసిన."

ఆర్డరు సంగతి ఆమె బుర్రలోంచి ఎగిరిపోయింది. ఈ వేళకు తొట్టి దగ్గర ఉండేది ఆమె మొగుడు అరుణ్.

"అయ్యో, అరుణ్ చేతులు!"

"పరేషాన్ కాకు. వానికి రబ్బరు తొడుగులుంటయి."

"లేవు మామా! నిమ్మ ఉప్పు పోసిన నాడే వాటిని నేను చెత్తబండిల ఏసిన!"

తొడుగులుంటే తీగ వేళ్లకు తెలియదని అరుణ్ ఎప్పుడూ గొణిగేవాడు. అవి పోయాక ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒట్టి చేతులతోనే కడుగుతున్నారు. గోరువెచ్చని నీళ్లలో వేలికి వేలు తగిలితే చాలు, దొంగనవ్వులు. ఇవాళ వంకాయ కూర పొయ్యి మీద ఉందని ఆమె ఇంట్లో ఆగిపోయింది.

ఫోను చేసింది. పూర్తిగా మోగి ఆగింది. మళ్లీ చేసింది. అతని చేతులు నీళ్లలో ఉంటే ఫోనెలా తీస్తాడు?

చెప్పులు వేసుకోలేదు. కార్ఖానా మూడు గల్లీల అవతల. కంకర గుచ్చుకుంటున్నా ఆగలేదు. ఎదురొచ్చిన ఆటోవాడు బ్రేకు కొట్టి తిట్టాడు. చదువుకున్న చదువు ఆ పరుగులోనూ వదిలిపెట్టలేదు. సీసా మొత్తం పోస్తే ఆ నీళ్లలో ఎంత ఘాటు ఉంటుంది? చర్మం ఎన్ని నిమిషాలు ఓర్చుకుంటుంది? వెంట్రుకంత తీగను మెలిపెట్టి ఆకులు, పూలు అల్లే వేళ్లవి. మొన్న ఆదివారం మిగిలిన తీగముక్కతో ఆమె చెవికి గోధుమగింజంత పువ్వు అల్లి, "ఇది బిల్లు లేని సరుకు" అని నవ్వాడు. ఆ పువ్వు ఇప్పుడు ఊగి ఊగి మెడకు తగులుతోంది.

వెనకాల ఎక్కడో మామ దగ్గు. "పరుగెత్తు బిడ్డా, నేనొస్తున్న!"

కార్ఖానా గడపలో అత్త లస్మవ్వ కాళ్లు చాపుకుని గోరుచిక్కుళ్లు తుంచుతోంది. ఆమెను దాటుకుని హర్షిణి లోపలికి ఉరికింది.

అరుణ్ మోచేతుల దాకా తొట్టిలో ఉన్నాడు. ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

"అరుణ్! చేతులు తియ్యి!"

అత్త ముందర మొగుణ్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. అతను ఉలిక్కిపడి తీశాడు. ఆమె పక్కనున్న బకెట్టు ఎత్తి అతని చేతుల మీద కుమ్మరించింది. ఇంకొక బకెట్టు. నల్లా తిప్పి మళ్లీ పట్టింది.

"ఏందే, హోలీ ఆడుతున్నవా? మా అవ్వ చూస్తుంది!"

"మాట్లాడకు! మంట పుడుతుందా?"

"నీళ్లు పోస్తే చల్లగుంటది గని మంటెందుకు పుడ్తది?"

ఆమె ఒక్కొక్క వేలూ పట్టి చూసింది. గోళ్ల సందులు చూసింది. ఎర్రబడలేదు. అయినా నమ్మకం కుదరలేదు. కొన్ని కాలినగాయాలు వెంటనే కనబడవు.

సదానందం రొప్పుతూ వచ్చి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. కొడుకు చేతుల కేసి చూడటానికి అతనికి ధైర్యం చాలలేదు.

"కాలినయా?"

"ఇంకా తెల్వదు. దవాఖానకు పోదాం, ఆటో పిలువుండ్రి మామా!"

"ఎందుకు కాలుతయి? ఏమైందో ఒక్కరన్న చెప్పుండ్రి!" అన్నాడు అరుణ్.

"తొట్టిల యాసిడ్ పోసిన కొడుకా," సదానందం ముఖం కప్పుకున్నాడు. "నా ఈ చేతులతోనే సీసంత పోసిన. రేపు వచ్చేటాయనకు నేనే చెప్త, ఆ నమూనాల గూడ యాసిడ్ కలిపిన్నని. ఆర్డర్ పోతే పోనీ. నీ చేతులు బాగుంటే చాలు."

హర్షిణి అరుణ్ చేతుల్ని నల్లా కిందే పట్టి ఉంచింది. నీళ్లు అతని వేళ్ల మీంచి జారిపోతున్నాయి.

లస్మవ్వ ఒడిలోని గోరుచిక్కుళ్లు చాటలోకి దులిపి, మెల్లగా లేచి వచ్చి నల్లా కట్టేసింది.

"రేపు గాయనకు నువ్వు చెప్పుడు కాదు, నేను చెప్త. మూడేండ్ల సంది నువ్వు తెచ్చిన ప్రతి సీసను దుకాణంల వాపస్ ఇచ్చి, పాత సీసల నిమ్మ ఉప్పు నీళ్లు నింపి పెడుతున్నది నేనే."