తుడిస్తే పోని అవును

"అవును" అని వచ్చింది తెర మీద.

కోమల కుర్చీల నుంచి దిగ్గున లేచింది. "అంటే బతికే ఉన్నడా తమ్మీ?"

"బతికే ఉన్నడక్కా. గీ నిమిషంలనే ఒత్తిండు," అన్నడు భానుప్రసాద్.

మెట్‌పల్లి బస్టాండు ఎదురుంగ ఉండే భానుప్రసాద్ ఆన్‌లైన్ దుకాణం అది. ఆధార్ కోసం వచ్చినోళ్లు, రేషన్ కార్డు కోసం వచ్చినోళ్లు చూస్తుంటే, కొంగు నోట్ల కుక్కుకొని బొళ్లున ఏడ్చింది కోమల. పదకొండు రోజుల సంది దాచుకున్న ఏడుపు, ఆపితే ఆగుతదా?

పదకొండు రోజుల కింద దుబాయిల ఆమె మొగుడు కొండల్ ఉండే క్యాంపు తగలబడ్డది. ఆనాటి సంది ఆయన ఫోన్ కలుస్తలేదు. నిన్న కంపెనీ నుంచి కబురొచ్చింది: ఒక శవం గుర్తు పట్టరాకుంట కాలింది, మీ మనిషిదే అయితే పెట్టెల పంపుతం, కాదంటే ఇక్కడనే పూడుస్తం, రేపు మూడు గంటల లోపల చెప్పాలె అని. అత్త ఐలవ్వది గుండె జబ్బు. అందుకే ఆమెకు ఈ ముచ్చటే ఎత్తలేదు. "అక్కడ సిగ్నల్ లేదంట అత్తా, చేస్తడు తియ్యి," అని బొంకుకుంట వచ్చింది.

కొండల్ ఫోన్ల బ్లాక్‌చైన్ గుర్తింపు, అదే చైన్ కార్డు, ఉన్నదని భానుప్రసాద్‌కు ఎరుకే. రెండేండ్ల కింద ఆ కార్డు చేసి ఇచ్చింది ఆయనే. పాస్‌పోర్టు కంపెనీ గుంజుకున్నా గుర్తింపు మనిషి చేతులనే ఉండాలని తెచ్చిన కార్డు అది. పేరు చూపది, జాగ చూపది. ఇంటోళ్లు ఏదన్న అడిగితే కార్డున్న ఫోన్ మోగుతది. పచ్చది ఒత్తితే అవును, ఎర్రది ఒత్తితే కాదు. అంతే.

"వేరేటోళ్లు ఒత్తితే?" అని అడిగింది కోమల కండ్లు తుడుసుకుంట.

"ఎట్ల ఒత్తుతరక్కా? తాళంచెయ్యి ఆయన దగ్గర ఉన్నది. ప్రపంచంల ఎవ్వడు దాన్ని మార్చలేడు. బ్యాంకోళ్లను నమ్మకున్నా దీన్ని నమ్మాలె."

కోమల కడుపు చల్లవడ్డది. కాని మనిషి బుద్ధి కదా, నిమిషం నిలువలేదు. బతికే ఉంటే మరి ఫోన్ ఎందుకు చేస్తలేడు?

"గదే అడుగు తమ్మీ."

"ఎందుకు, ఏమిటి అంటే రాదక్కా. అవునో కాదో అనే తీరుగ అడగాలె."

పోయిన నెల కొండల్‌తోని మాట్లాడుతుంటే వెనుక ఎవతో ఆడమనిషి నవ్వు వినవడ్డది. ఆ పొద్దు కోమల పెద్ద లొల్లి చేసింది. "క్యాంటీనుల వంట చేసే ఆమెనే," అని ఆయన ఎంత మొత్తుకున్నా వినలేదు.

"నా మీద కోపమున్నదా అని అడుగు."

భానుప్రసాద్ టైపు కొట్టిండు. ఇద్దరూ తెర మీదనే చూపు నిలిపిండ్రు. చాయ్ తాగేటంత సేపు పట్టింది.

అవును.

కోమల మొఖం చిన్నవోయింది. "అక్కడ ఇంకో ఆడిది ఉన్నదా అని అడుగు."

"వద్దక్కా. ఒక్కసారి ఎక్కితే మల్ల తుడుసుడు ఉండది. ఎన్నేండ్లయినా గట్లనే ఉంటది."

"పేరు కనవడదంటివి గదా! ఎవ్వల ముంగట సిగ్గు? కొట్టు!"

కొట్టిండు. ఈసారి తొందరగనే వచ్చింది.

అవును.

కోమల టేబుల్ అంచు పట్టుకున్నది. ఏడ్వలేదు.

"నన్ను ఇడిసిపెట్టినవా అని అడుగు."

"అక్కా, జర ఆలోచించు..."

"అడుగు తమ్మీ. నీ కాళ్లు మొక్కుత, అడుగు."

అవును.

దుకాణంల ఒక ముసలాయన నీళ్ల బాటిల్ తెచ్చి ఇచ్చిండు. ఆమె తీసుకోలేదు. గోడకున్న గడియారం దిక్కు చూసింది. రెండున్నర.

"కంపెనీ అడిగింది తియ్యి. శవం ముచ్చట."

"గదేం ఫికర్ లేదక్కా, బతికే ఉన్నడని తేలిపాయె. కాదని ఒత్తు, అయిపోతది," అన్నడు భానుప్రసాద్. మల్లా ఎందుకో వెనకముందాడిండు. "కాని ఇదిగూడ గంతే, తుడిస్తే పోదు. కాదన్నంక ఆ శవాన్ని దిక్కులేనిదని పూడ్చేస్తరు. ఎవ్వడో ఏమో, పాపం."

"ఎవని అవ్వనో ఏడుస్తది ఎవని కోసమో. నాకేంది?" అన్నది కోమల. తన మాటకు తనకే ఒళ్లు జలదరించింది. అయినా కోపం బొటనవేలి దాక వచ్చి ఉన్నది. వేలిముద్ర అద్దం మీద వేలు పెట్టి అదిమింది.

కాదు.

ఇంటికి నడుస్తున్నంత సేపు ఒక్కటే అనుకున్నది. ముసలిదానికి అంతా చెప్పేస్త. గుండె ఆగితే ఆగనియ్యి. తన కొడుకు చేసిన పని తనకూ తెలువాలె.

ఐలవ్వ వాకిట్ల గోడకు ఒరిగి కూసున్నది. ఎన్నడు లేంది మొఖం కళకళలాడుతున్నది.

"అత్తా, నీ కొడుకు మనల్ని..."

"ఎరుకే బిడ్డా," అన్నది ఐలవ్వ నవ్వుకుంట.

ఆమె ఒళ్లె ఫోన్ ఉన్నది. కొత్తది కొనుక్కున్నంక కొండల్ పోయిన నెల దోస్తు గోపాల్ చేత అవ్వకు పంపిన పాత ఫోన్. అవ్వకు తిప్పలు కావద్దని తాళం గూడ తీసేసి పంపిండు. సిమ్ము వేసి, మోగితే ఏది ఒత్తాలెనో నేర్పింది కోమలనే.

"పొద్దటి సంది వాడే చేస్తుండు, నాలుగుసార్లు పచ్చది ఒత్తిన గని ఒక్కసారి మాట్లాడలే బిడ్డా."