ఆదివారం డిస్కు

కూతురు తన మీద కోపంతోనే పోయిందా? ఏడేళ్లుగా ప్రూఫ్‌రీడరు మనసును ఈ ఒక్క సందేహమే తొలిచేస్తోంది.

ఆ రోజు ఫోన్లో నోరు జారాడు. "ఆ సంగీతం కోర్సు మానేదాకా నాకే కాదు, మీ అమ్మకీ ఫోన్ చెయ్యకు" అన్నాడు. పిల్ల మాట మీద నిలబడింది. హాస్టల్లో మూడు రోజులు జ్వరంతో కాలిపోతూ కూడా ఫోన్ చెయ్యలేదు. నాలుగో రోజు హాస్టల్ వాళ్లే చేశారు, పిల్ల ఇక లేదని.

సామానుతో పాటు అరచేతిలో పట్టేంత డిస్కు ఒకటి ఇంటికొచ్చింది.

"ఆఖరి రాత్రి మీ కోసమే ఏదో రికార్డు చేసిందంకుల్. దీంట్లోనే దాచింది" అంది హాస్టల్ గదిలో పిల్లతో పాటు ఉండే అమ్మాయి.

ఏం చెప్పి ఉంటుంది? తిట్టిందా? క్షమించిందా?

డిస్కు తెరుచుకోలేదు. హాస్టల్లో పిల్ల వాడుకున్న కంప్యూటర్ ఒక రకం, ఇంట్లోది ఇంకో రకం. అందులో ఉన్నది భార్య ఏరికోరి పెట్టుకున్న ఉచిత సిస్టమ్. ఆవిడ లైబ్రరీలో సర్వర్లు చూసే ఉద్యోగి. ఇలాంటి పనులు ఆవిడకి కొట్టిన పిండి. అయినా ఎప్పుడు తగిలించినా తెర మీద ఒకటే మాట: తెలియని ఫైల్ సిస్టమ్.

"దాని రాత మన సిస్టమ్‌కి అర్థం కావట్లేదండీ. చదివిపెట్టే భాగం ఒకటుంటుంది, అది లోడ్ కావట్లేదు" అని చెప్పింది భార్య.

"పోనీ, బయట షాపులో చూపిద్దామా?"

"వాళ్లకేం, ఫార్మాట్ కొట్టి చేతులు దులుపుకుంటారు. ఉన్న గొంతు కాస్తా పోతుంది."

ఆయన హడలిపోయాడు. మళ్లీ షాపు ఊసెత్తలేదు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఇద్దరూ కంప్యూటర్ ముందు చేరేవాళ్లు. ఆయన కాఫీ కలిపి తెచ్చేవాడు. ఆవిడ కేబుల్ మార్చేది, కొత్త వెర్షన్ ఎక్కించేది, టకటకా ఏవో ఆదేశాలు కొట్టేది. ఆయన దేవుణ్ని తలుచుకుంటూ తెర వైపు చూసేవాడు.

"లోకంలో అచ్చుతప్పులన్నీ పట్టేస్తారుగా, ఇందులో తప్పెక్కడుందో పట్టండి చూద్దాం" అని నవ్వించబోయేది ఆవిడ.

ఏడేళ్లలో ఒక్కసారి కూడా "అంతా మీ వల్లే" అనలేదు. ఇంత ఓర్పున్న మనిషిని తోడిచ్చినందుకు ఆయన రోజూ దేవుడికి దండం పెట్టుకునేవాడు. అంత ఇచ్చిన దేవుడు ఒక్క డిస్కు దగ్గర ఇంత బెట్టు చేస్తాడెందుకో మాత్రం అంతుపట్టేది కాదు.

మొన్న భార్య తన చెల్లెలి ఇంటికి వెళ్లింది. సర్వర్ గది తాళాలు తీసుకెళ్లడానికి, ఆవిడ దగ్గరే పని నేర్చుకుని, ఆవిడని అక్కా అని పిలిచే సహోద్యోగిని వచ్చింది. ఆయన ఉండబట్టలేక డిస్కు ఆమె చేతిలో పెట్టాడు.

"జాగ్రత్తమ్మా. తుడుచుకుపోదు కదా?"

"భలేవారే బావగారూ! చదవడానికి మాత్రమే తెరుస్తాను. దాని మీద ఈగ కూడా వాలదు."

తగిలించింది. అదే మాట వచ్చింది. ఆమె నొసలు చిట్లించి కాసేపు వెతికింది.

"ఇదేం విచిత్రం! చదివే భాగం ఇందులోనే ఉంది. లక్షణంగా ఉంది. దాన్ని లోడ్ కానివ్వొద్దని సెట్టింగుల్లో ఒక లైను అడ్డం పడుంది, అంతే."

"ఎవరు పెట్టారమ్మా? దీన్ని ముట్టుకునేది మీ అక్క ఒక్కతేగా."

"ఏ ధ్యాసలో పెట్టిందో, ఏమో. ఉండండి, తెలిసిపోతుంది. ఏది మార్చినా పైన తేదీ, కారణం రాసి తీరాలని మాకు నేర్పిందే అక్క. రాయకపోతే చెవి మెలేసేది."

ఆ ఫైలు తెరిచింది. నవ్వుతూ చదవబోయి ఆగిపోయింది. గబుక్కున తెరకి చెయ్యి అడ్డం పెట్టింది.

కానీ ముప్పై ఏళ్లుగా అక్షరాల మీదే బతుకుతున్న కళ్లవి. వేళ్ల సందుల్లోంచే చదివేశాయి.

తేదీ డిస్కు ఇంటికొచ్చిన మర్నాటిది. పక్కనే, ఆ లైను అడ్డం పెట్టిన కారణం: "నేను విన్నాను, ఇది వింటే ఆయన మనసు తేలికపడుతుంది."